150 కప్పులు, 120 మూతలు

పదకొండున్నరైంది. చేతులకి ఇంకా యాలకుల వాసన పోలేదు. నిద్ర రాకపోవడానికి కారణం అది కాదనుకోండి, మూతలు.

పోయినేడు నవమికి బిందెలోంచి గరిటెతో పానకం పోస్తే, కింద పడ్డ గరిటెను కడక్కుండా మళ్ళీ ముంచారని ఎంత రభస జరిగిందో తెలుసు కదా. అందుకే ఈసారి కమిటీ తీర్మానం: మనిషికో మూత కప్పులో పానకం, ఇంకో బుల్లి కప్పులో వడపప్పు. "మీ చేత్తో అయితే బాగుంటుందండీ" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను పడిపోతానని ఈ బిల్డింగులో అందరికీ తెలిసిపోయింది. మా ఆయన పేపర్ వెనకాల నవ్వుకున్నాడు. సాయం అంతటితో సరి.

150 మందికి తలా 150 మిల్లీలీటర్లంటే ఇరవై రెండున్నర లీటర్లు. ఐదు కిలోల బెల్లం రాత్రే నీళ్ళలో వేసి, పొద్దున్న పల్చటి గుడ్డలో వడకడితే అడుగున ఇసుక, చెరకు పీచు. తెల్లగా మెరిసేది వద్దని నల్లబెల్లమే తెప్పించాను. "పానకమా, కషాయమా?" అన్నారు అత్తయ్య. ఏమీ అనకపోతేనే నాకు భయం. మిరియాలు, సొంఠి, యాలకులు దంచి కలిపి, తులసాకులు వేశాను.

వడపప్పుతోనే అసలు చిక్కు. పళ్ళెంలో అప్పటికప్పుడు కలిపి పెడితే గొడవ లేదు. పొద్దున్నే కప్పుల్లో సర్దాలంటే ఉప్పు వేయగానే నీరూరుతుంది. మామిడికాయ తురిమినా అంతే. అందుకని పెసరపప్పు నీళ్ళు బాగా వంచేసి, కొబ్బరి, మామిడి సన్నటి ముక్కలు తరిగి పైన పెట్టాను. ఉప్పు మానేశాను. మధ్యాహ్నం "కాస్త చప్పగా ఉందండీ" అన్నావిడ రెండు కప్పులు తిని మరీ అంది.

ఇంతా చేస్తే, ప్యాకెట్లలో కప్పులు 150, మూతలు 120. షాపుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మిగిలిన 30 కప్పులకి ఫాయిల్ చుట్టాను. కమిటీ పెద్దాయన వచ్చి చూసి, మెచ్చుకుని, వెళ్తూ వెళ్తూ అన్నాడు: "ఫాయిల్‌వి పక్కన పెట్టేయండమ్మా, వాచ్‌మన్ వాళ్ళకీ పనివాళ్ళకీ సరిపోతాయి."

"అలాగేనండీ" అన్నాను. అదీ సంగతి.

అప్పట్నుంచీ ఈ కప్పుల మీదే కోపం. మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో కప్పులెక్కడివి? రామాలయం ముందు తాటాకు పందిరి, ఇత్తడి గంగాళం నిండా పానకం. నైవేద్యం కాకుండా రుచి చూడకూడదు కాబట్టి తాతయ్య వాసన చూసే మిరియాలు సరిపోయాయో లేదో చెప్పేవాడు. పెళ్ళి అవగానే పిల్లలం దోసిళ్ళు పట్టేవాళ్ళం. చెంబుతో పోస్తే సగం నోట్లోకి, సగం మోచేతుల మీదుగా పావడాలోకి. వడపప్పు బాదం ఆకులో. ఎన్నిసార్లు పట్టినా పోసేవాళ్ళు. సాయంత్రానికి ఒళ్ళంతా జిగటే, రాత్రి పక్కలోకి చీమలు. లెక్కలు లేవు, మూతలు లేవు, ఫాయిల్ లేదు. ఆ రోజులే నయం...

అని టైప్ చేసి ఆగాను.

పందిరి రాటకి అవతల కూడా మనుషులుండేవాళ్ళు కదా. వాళ్ళకి తాతయ్య పోసేవాడు కాదు. పాలేరు వేరే చెంబుతో, ఎత్తు నుంచి ధారగా పోసేవాడు. వాళ్ళు వంగి, దోసిలి నోటికి ఆనించుకుని తాగేవాళ్ళు. నాకదేదో ఆటలా అనిపించింది. నాకూ అలాగే పొయ్యమని అటు పరిగెత్తితే అమ్మమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చి వీపు మీద ఒక్కటిచ్చింది. నలభై ఏళ్ళుగా ఆ దెబ్బ అల్లరి చేసినందుకే అనుకుంటున్నాను.

మరి కప్పులే నయమా? అందరికీ ఒకే కొలత, ఒకే పానకం. పైన కప్పిందే తేడా. ఇలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉంది కానీ, మూడో అంతస్తు వాళ్ళ పిల్లాడు రెండో కప్పు అడిగితే "మనిషికి ఒకటే" అని పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టడం గుర్తొచ్చి మళ్ళీ చిరాకేసింది.

బాగున్నవీ ఉన్నాయి. కింద పార్కింగ్‌లో టీవీ పెట్టారు. భద్రాచలంలో మాంగల్యధారణ సమయానికి అత్తయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, మోకాళ్ళ సంగతి మర్చిపోయి. పానకం గొంతులో ఘాటుగా దిగింది. వాచ్‌మన్ కూతురు ఫాయిల్ ముక్కని గోటితో సాపు చేసి పుస్తకంలో పెట్టుకుంది. చూశావా, దానికి అదే నచ్చిందని నాకు నేను చెప్పుకోబోయాను. చెప్పుకోలేకపోయాను.

నేనూ ఫాయిల్ కప్పే తీసుకుని తాగాను. ఎవరూ చూడలేదు. చూడాలనే తీసుకున్నానేమో.

ఇందాక మంచినీళ్ళకి ఫ్రిజ్ తీశాను. ఏడు కప్పులు మిగిలాయి. ఏడూ మూతలున్నవే.