న్యూమార్కెట్‌లో అద్దం చూసుకునే గుర్రం

అమ్మాయి కేంబ్రిడ్జిలో ఉంటుంది. అక్టోబరులో వెళ్ళినప్పుడు కాలేజీలూ పడవ షికారూ ఒక్కరోజులో ముగించి, రేసు గుర్రాల ఊరు న్యూమార్కెట్ తీసుకెళ్ళమన్నాను. "రిటైరయ్యాక కూడా గుర్రాలేనా నాన్నా" అని సణుగుతూనే చీకటితో కారు తీసింది. ఎంతో లేదు, ఇరవై కిలోమీటర్లు.

రేసు గుర్రాలు పరుగు సాధన చేసే వారెన్ హిల్ కొండ కింద నిలబడేసరికి పచ్చిక మీద మంచు ఇంకా విడలేదు. పొగమంచులోంచి ముందు గిట్టల చప్పుడు, తర్వాత ముక్కుపుటాల బుసలు, ఆ తర్వాత గుర్రం. ఆ చిన్న ఊళ్ళో రేసు గుర్రాలే 3,000 దాకా ఉంటాయి. రోడ్డు దాటడానికి వాటికి వేరే సిగ్నళ్ళు! మీట కూడా జీను మీద కూర్చున్నవాడి చేతికందే ఎత్తులో పెట్టారు. మా ఊళ్ళో మనుషులకే దిక్కులేదు.

మేము తెలుగులో మాట్లాడుకోవడం విని గుర్రం మీంచే ఒకతను "హైదరాబాదా సార్?" అని కేకేశాడు. మలక్‌పేటలో పని నేర్చుకుని ఇక్కడికొచ్చిన కుర్రాడు. ఈ ఊరి లాయాల్లో మనదేశం వాళ్ళు చాలామందే ఉన్నారట. నేను గుర్రాల డాక్టర్నని తెలిశాక, యజమానినడిగి పదకొండింటికి లోపలికి తీసుకెళ్ళాడు.

నేను అసలు చూడాలనుకున్నది అదే. కొండెక్కే గుర్రాన్ని అందరూ చూస్తారు. ఆ గంటా గంటన్నరా అయ్యాక, మిగతా ఇరవైరెండు గంటలూ నాలుగు గోడల మధ్య అది ఏం చేస్తుందో చూడాలి.

మూడో గదిలో ఒక నల్లగుర్రం తల బయటపెట్టి అటూ ఇటూ ఊగుతోంది. ముందుకాళ్ళ మీద బరువు మారుస్తూ, గడియారం లోలకంలా, ఒకే లయ. దాన్ని వీవింగ్ అంటారు. మా అమ్మాయి "ముద్దుగా ఉంది, డాన్సు చేస్తోందా?" అంది. చాలామందికి అలాగే కనబడుతుంది.

నాకు ఇరవై ఏళ్ళ కిందటి ఎర్రటి ఆడగుర్రం గుర్తొచ్చింది. హైదరాబాదులో ఒక లాయంలో ఉండేది. దానిది ఊగుడు కాదు, క్రిబ్బింగ్. తలుపు అంచు పళ్ళతో పట్టి, మెడ బిగించి, గుక్కుమని గాలి గుంజేది. ముందుపళ్ళు అరిగిపోయాయి. యజమాని దురలవాటన్నాడు. నేను చదువుకున్న ఇంగ్లీషు పుస్తకాల్లోనూ దాని పేరు 'స్టేబుల్ వైస్' అనే. అంటే తప్పు గుర్రానిదే. గొంతుకి పట్టీ బిగించమని రాసిచ్చాను. పక్కవి చూసి నేర్చుకుంటాయని దాన్ని చివరి గదిలోకి మార్పించాను కూడా. గుర్రాన్ని చూసుకునే ముసలి సైసొక్కడే నసిగాడు: "ఆకలికి కొరుకుతుంది డాక్టర్ సాబ్. జర గడ్డి ఎక్కువెయ్యమని చెప్పరాదు?" గడ్డితో పొట్ట బరువెక్కి పరుగు తగ్గుతుందని అక్కడ వెయ్యనిచ్చేవారు కాదు. నేను చెప్పలేదు.

సైసు మాటే నిజం. బయట వదిలిన గుర్రం రోజుకి పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. దాని కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతుంది, దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. మనమేమో రెండు మూడు పూటలు దాణా పెడతాం. అది గబగబా మింగేశాక ఖాళీ గదిలో ఒంటరిగా నిలబెడతాం. పాలు మాన్పించాక దాణా పెట్టిన గుర్రప్పిల్లల్లో క్రిబ్బింగ్ నాలుగు రెట్లు ఎక్కువని ఈ దేశంలోనే నాలుగేళ్ళు గమనించి 2002లో ప్రకటించారు. పట్టీ బిగిస్తే గాలి గుంజడం ఆగుతుంది, గుంజాలన్న తహతహ పోదు. తలుపుకి వీ ఆకారం ఊచలు పెడితే ఊగే గుర్రం లోపలికెళ్ళి ఊగుతుంది. మన కంటికి కనబడదు, అంతే.

ఈ లాయంలో ఊచలు తీసేశారు. వెనక గోడకి కిటికీ కొట్టారు. చిన్న కన్నాల వలలో గడ్డి వేలాడదీశారు, ఒక్కో పరక లాక్కుని తినేసరికి గంటలు పడుతుంది. మధ్యాహ్నం కాసేపు జతగా దొడ్లో వదులుతారు. నల్లగుర్రం గదిలో ఇంకోటుంది: పగలని ప్లాస్టిక్ అద్దం. అద్దం పెడితే ఊగుడు బాగా తగ్గుతుందని 2002లోనే లింకన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. చదివినప్పుడు నవ్వుకున్నాను, గుర్రానికి సింగారమా అని. ఇప్పుడు నా కళ్ళముందే అది ఊగడం ఆపి, అద్దం వైపు తిరిగి, అందులోని గుర్రానికి ముక్కు ఆనించింది. తోడు అబద్ధపుదే. కానీ చెవులు నిమ్మళంగా వాలాయి.

ఎక్కడో బకెట్ చప్పుడైంది. వెంటనే మళ్ళీ మొదలు. కుర్రాడు పరుగున వెళ్ళి ముందు దాని వలలో గడ్డి దూర్చాడు. "దాణా వాసనొస్తే ఆగలేదు సార్. దీనికే ఫస్ట్ ఇస్తా, ముందు గడ్డి, తర్వాతే దాణా."

తిరుగు ప్రయాణంలో అమ్మాయి అడిగింది, "ఆ ఎర్రగుర్రం ఏమైంది నాన్నా?"

సీజన్ అయ్యాక అమ్మేశారు. ఎవరికో నేను అడగలేదు.