ఉల్లి మొగ్గలో అనాఫేజ్ దొరికింది!

నిన్న ల్యాబ్‌లో మూడు గంటలు మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే ఒక్కటంటే ఒక్క అనాఫేజ్ (కణ విభజనలో క్రోమోజోమ్‌లు రెండు వైపులకు విడిపోయే దశ) దొరికింది, దానికే ఇంత సంబరమా అని మా తమ్ముడు నవ్వుతున్నాడు. వాడికేం తెలుసు. ఉల్లి పూమొగ్గ పెద్దదైతే అప్పటికే పుప్పొడి తయారైపోయి ఉంటుంది, మరీ చిన్నదైతే మియోసిస్ (క్రోమోజోమ్‌ల సంఖ్య సగమయ్యే కణ విభజన) ఇంకా మొదలే అవ్వదు, ఆ మధ్య సైజుది వెతికి పట్టుకుని, పరాగకోశాన్ని ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్కలో చిదిమి, స్పిరిట్ ల్యాంప్ మీద కాస్త వెచ్చచేసి, కవర్ స్లిప్ పెట్టి బొటనవేలితో నొక్కాలి. నేను నొక్కిన నొక్కుడికి రెండు పగిలాయి, మేడం చూసిన చూపు అబ్బో.

మూడో స్లైడ్‌లో కనిపించింది. ఎర్రగా, అటు 8, ఇటు 8. ఉల్లికి మొత్తం 16 క్రోమోజోమ్‌లు కదా, ప్రతి జతలో ఒకటి అటు, ఒకటి ఇటు. ఇంటర్‌లో బట్టీ పట్టేశా గానీ అసలు సంగతి ఇప్పుడే బుర్రకెక్కింది, మొదటిసారి విడిపోయేది జతలే, ఒక్కో క్రోమోజోమ్‌లోని రెండు క్రోమాటిడ్లు (జంట పోగులు) మాత్రం సెంట్రోమియర్ అనే నడుము దగ్గర అతుక్కునే ఉంటాయి. వాటిని పట్టి ఉంచే కొహీసిన్ అనే ప్రోటీన్‌ని మిగతా చోట్ల సెపరేస్ అనే ఎంజైమ్ కోసేస్తుంది, అక్కడ మాత్రం షుగోషిన్ అనే ప్రోటీన్ కాపలా ఉంటుంది. జపనీస్‌లో కాపలా దేవత అని అర్థమట, భలే పెట్టారు పేరు. ఆ కాపలా తీశాక రెండో విభజనలో అవీ విడిపోతాయి.

ఇంతా చేసి రికార్డులో బొమ్మ వేస్తే అటు 7, ఇటు 9 గీశా. సంతకానికి ఇచ్చేముందు చూసుకున్నా కాబట్టి సరిపోయింది 😅