తిరుపతి వాళ్ళకీ సెలవు కావాలి

మాది తిరుపతి అనగానే ఎదుటివాళ్ళ నోట వచ్చే మొదటి మాట "అబ్బ, ఎంత అదృష్టమండీ". రెండో మాట "దర్శనానికి లెటరేమైనా దొరుకుతుందా". మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను. రెండోదానికీ నవ్వే ఊరుకుంటాను గానీ వాళ్ళు ఊరుకోరు. రోజుకు 60, 70 వేల మంది సెలవు పెట్టుకుని వచ్చే ఊళ్ళో కాపురం ఉంటే, లోకమంతా సెలవులో ఉన్నప్పుడే మనకు పని ఎక్కువ. శని ఆదివారాలు, దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు, అవి చాలవన్నట్టు పెరటాసి నెలలో తమిళనాడు నుంచి వచ్చే జనం. ఎవరింట్లో చూసినా ఒక పెదనాన్న కొడుకో, ఆడపడుచు తోడికోడలో దిగి ఉంటారు. వాళ్ళకు తెల్లారుజామున కాఫీలు పెట్టాలి, అలిపిరి దాకా దింపాలి, మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోయిన మూడొందల టికెట్టు ఈరోజు ఎందుకు దొరకదో ఓపిగ్గా చెప్పాలి. భక్తి లేక అంటున్న మాట కాదిది. నేను కొండకు దేవుడి కోసం పోతాను, రెస్టు కోసం కాదు, అంతే.

అందుకే నేనూ మా చెల్లెలూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి, వారం మధ్యలో, ఊరు దాటి ఒక రాత్రి ఎక్కడైనా ఉండి రావడం. దూరం పోయేది లేదు. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోవాలి. బుధవారమో గురువారమో ఎక్కడికి పోయినా గదులు ఖాళీ, బస్సులు ఖాళీ, తినడానికి కూర్చుంటే వడ్డించేవాళ్ళకు మనతో మాట్లాడే తీరిక.

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్. మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలాఖరులు దగ్గరపడితే మా ఇంట్లో వాళ్ళు నాతో ఏ విషయమైనా చెప్పడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. వసూళ్ళ ఫోన్లు, టార్గెట్లు, పొద్దున ఒక రివ్యూ, సాయంత్రం ఇంకో రివ్యూ. చెల్లెలు ఓ ఆస్పత్రిలో నర్సు. దానికి టెన్షన్‌తో పాటు నైట్ డ్యూటీలు అదనం. ఇద్దరం ఒకే ఊళ్ళో ఉన్నా పండగలకు తప్ప కలిసి కూర్చున్నది లేదు. ఒకసారి అది నాకు ఫోన్ చేసి, "అక్కా, నిన్న ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఐసీయూలో ఏదో మానిటర్ మోగిందనుకుని లేచి పరిగెత్తినాను" అంది. అది నవ్వుతూనే చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు.

అంతకుముందు మేమూ అందరిలాగే ఏడాదికొకసారి పెద్ద టూరు వేసేవాళ్ళం. ఊటీ, కొడైకెనాల్, ఒకసారి కేరళ. పిల్లలు, అత్తమామలు, ఆరేడు బ్యాగులు, మధ్యలో ఎవరికో ఒకరికి జ్వరం. తిరిగొచ్చి బట్టలు ఉతికి ఆరేసుకునేలోపే పాత తలనొప్పి వచ్చి కూర్చునేది. ఇది మా ఒక్కరి గోడు కాదని తర్వాత తెలిసింది. ఇజ్రాయెల్‌కు చెందిన మినా వెస్ట్‌మన్, డోవ్ ఈడెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఆఫీసు గుమాస్తాలను సెలవుకు ముందు, సెలవులో, తర్వాత కూడా వరుసగా అడిగి, 1997లో ఆ లెక్క ప్రచురించారు. సెలవులో అలసట తగ్గిన మాట నిజమే, కానీ తిరిగి పనిలోకి వచ్చిన మూడు రోజులకే కొంత వెనక్కి వచ్చేసిందట, మూడు వారాలకల్లా కథ మళ్ళీ మొదటికి. ఆ మూడు వారాల కోసం మేము ఏడాదంతా ఆర్‌డీ కట్టేవాళ్ళం!

పెద్ద టూరు ఎంత గొప్పగా వేసినా దాని గుణం ఉండేది అంతేనయితే, చిన్నవి ఎక్కువసార్లు వేసుకోవడమే మేలు కదా అని మా లెక్క. బ్యాంకు బుర్ర ఇట్లాంటివాటికి బాగానే పనికొస్తుంది.

సెలవు దొరకడమే కష్టం. లీవ్ ఫారంలో కారణం రాయాల్సిన గడి ఒకటుంటుంది, అందులో "విశ్రాంతి" అని రాస్తే పైవాళ్ళు మనిషిని కింది నుంచి పై దాకా చూస్తారు. పెళ్ళి అని రాస్తే సరే, జ్వరం అంటే సరే, చావు కబురైతే వెంటనే సంతకం. బ్యాంకుల్లో తమాషా ఏంటంటే, ట్రెజరీ, కరెన్సీ చెస్ట్ (నోట్ల కట్టలు నిల్వ ఉంచే ఖజానా) లాంటి సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్ళను ఏడాదిలో ఒకసారి కనీసం 10 పనిదినాలు, ముందుగా చెప్పకుండా, తప్పనిసరిగా సెలవులో పంపాలని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. ఆ రోజుల్లో వాళ్ళు పని జోలికి పోకూడదు. వాళ్ళ ఆరోగ్యం మీద ప్రేమతో కాదు, మనిషి సీట్లో లేనప్పుడు మోసాలేమైనా ఉంటే బయటపడతాయని! ఏ కారణానికైతేనేం, సెలవు సెలవే. నాది అంత సున్నితమైన సీటు కాదు, కాబట్టి "పర్సనల్ వర్క్" అని రాసి నా తిప్పలు నేను పడతాను.

ఈసారి తలకోన జలపాతం. కార్తీకంలో అక్కడి సిద్ధేశ్వరస్వామి గుడికి, సోమవారాలైతే మరీ, జనం ఇరగబడతారు. అందుకని కార్తీకం అయిపోయేదాకా ఆగి, ఆ మరుసటి వారం మంగళవారం బయలుదేరినాం. నవంబర్ చివర్లో మాకు ఈశాన్య రుతుపవనాల వానలు, జలపాతంలో నీళ్ళు దండిగా ఉంటాయి. ఎండాకాలంలో పోతే సన్నటి ధార చూసి రావాల్సిందే.

తిరుపతి బస్టాండులో పీలేరు వైపు పోయే పల్లెవెలుగు ఎక్కినాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం కదా, ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్టు చింపి చేతిలో పెట్టినాడు. మా చెల్లెలు ఆ టికెట్టును మడిచి పర్సులో దాచుకుంది, ఎందుకే అంటే, "ఊరికే వచ్చిన హాలిడేకు రుజువు" అంది. చంద్రగిరి దాటాం. కోట ఇదివరకే ఒకసారి మా లిస్టులో అయిపోయింది. విజయనగర రాజులు ఆఖరి రోజుల్లో రాజధానిగా ఉన్న చోట, రాజమహల్ ముందు గడ్డి మీద ఒక సాయంత్రమంతా ఏమీ చెయ్యకుండా కూర్చుని వచ్చినాం, అదీ ఇంటి నుంచి అరగంట దూరంలో. తర్వాత శ్రీనివాస మంగాపురం, రంగంపేట. రంగంపేటలో సంక్రాంతికి పశువుల పండగ చూడాలి, కొమ్ములకు పలకలు కట్టి ఎద్దులను వదిలితే కుర్రాళ్ళు వాటి వెంట పడతారు. ఆ రోజు మాత్రం రోడ్డు మీద రెండు మేకలు తప్ప ఎవరూ లేరు.

భాకరాపేట ఘాట్ మొదలవగానే డ్రైవరు నెమ్మదించినాడు. 2022లో నిశ్చితార్థానికి పోతున్న ఒక బస్సు ఇక్కడే రాత్రిపూట లోయలో పడింది, అప్పటి నుంచి ఈ మలుపుల్లో నాకు గుండె కాస్త వేగంగానే కొట్టుకుంటుంది. భాకరాపేటలో దిగి, ఆటో మాట్లాడుకుని నెరబైలు మీదుగా తలకోన.

అడవి చెక్‌పోస్టు దగ్గర బ్యాగులు విప్పి చూపించమన్నారు. ప్లాస్టిక్, మందు ఉన్నాయేమోనని చూస్తారు. ఎర్రచందనం అడవి కాబట్టి వచ్చేవాళ్ళనే కాదు, పోయేవాళ్ళనూ చూస్తారు. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మా శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. దారి పక్కన ఒకటి కనపడితే ఆటో ఆపించి చూసినాం. బెరడంతా పలకలు పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంది, ఒక్కో రెమ్మకు మూడేసి గుండ్రటి ఆకులు. బయటికి నల్లగా ఉండే ఈ మాను లోపల ఎర్రగా ఉన్నందుకే కదా దానికోసం ఇన్ని కేసులూ ఇన్ని చావులూ. ఆటో అన్న మాత్రం "ఎక్కువసేపు నిలబడొద్దండమ్మా, చూసినోళ్ళు ఏమన్నా అనుకుంటారు" అని తొందరపెట్టినాడు.

ఫారెస్టు వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో గది ముందే చెప్పి పెట్టుకున్నాం. సామాను పడేసి, జలపాతానికి పోయేముందు చేసే అసలు పని చేసినాం, అంటే భోజనం చెప్పడం. ఇక్కడ వండి పెట్టే ఆడవాళ్ళకు ముందుగా చెప్పిపోతే, స్నానం చేసి వచ్చేసరికి వేడివేడిగా ఉంటుంది. మాకు దొరికిన అక్క నన్నూ మా చెల్లెల్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరే వచ్చినారా? మగోళ్ళు రాలేదా?" అంది.

"లేదక్కా, వాళ్ళను ఇంట్లో వదిలేసి వచ్చినాం."

"మంచి పని చేసినారు. సంగటి ఎన్ని ముద్దలు?"

గుడి నుంచి జలపాతానికి అడవిలో నడక. చేతిలో కర్ర ఉంటే మంచిది, కోతులకు బ్యాగు జిప్పు తీయడం మనకంటే బాగా వచ్చు. దారిలో గిల్లతీగ ఉంది. తీగ అని పేరే గానీ మనిషి తొడంత లావు, తాడు పేనినట్టు మెలికలు తిరిగి, ఒక చెట్టు ఎక్కి, దిగి, నేల మీద పాకి, ఇంకో చెట్టు ఎక్కుతుంది. ఎక్కడ మొదలైందో చూద్దామని కాసేపు దాని వెంట నడిచినాం. ఒకచోట రెండు పాయలుగా చీలింది, ఏది అసలుదో తేల్చుకోలేక మేమిద్దరం కొట్లాడుకున్నాం. గంటసేపు ఒక తీగ గురించి వాదించుకోవడం! ఆఫీసులో ఆ గంటలో ఎన్ని ఫైళ్ళు కదిలేవో అన్న ఆలోచన కూడా రాలేదని, ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

జలపాతం 270 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఎత్తయినది. ఫోటోల్లో చూసి ఇంతేనా అనుకునేవాళ్ళు కింద నిలబడి తల పైకెత్తితే తెలుస్తుంది. నీళ్ళు రాతిని అంటుకుని కొంత దూరం వచ్చి, తర్వాత గాలిలోకి వదిలేసినట్టు పడతాయి, గాలి వీచినప్పుడల్లా ధార పక్కకు ఒరిగి మన మీద తుంపర కొడుతుంది. మా చెల్లెలు ఆ నీళ్ళ కింద వీపు పెట్టి ఎంతసేపు కూర్చుందో, పెదాలు నీలంగా మారినాక గానీ రాలేదు. వెళ్ళేవాళ్ళకు ఒక మాట, రాళ్ళు పాచి పట్టి ఉంటాయి, చెప్పులు విడిచి అడుగు చూసుకుని వెయ్యండి. వానలు బలంగా పడ్డ రోజుల్లో దగ్గరికి పోనివ్వరు కూడా.

తిరిగొచ్చేసరికి అక్క ఇంకా సంగటి గెలుకుతోంది. గిన్నెను రెండు పాదాలతో అదిమి పట్టుకుని, ఉడికిన నూకల్లో రాగిపిండి కలిసిపోయేదాకా తెడ్డుతో ఒక వైపు నుంచి ఎత్తి కొడుతోంది, ప్రతి దెబ్బకూ భుజం కూడా తిరుగుతోంది. ఉండ మిగలకుండా అయ్యాక చెయ్యి నీళ్ళలో ముంచి, పొగలు పోతున్న పిండిని అట్లాగే తీసి ముద్ద చేసి ప్లేట్లో దొర్లించింది. నేను ముట్టుకుంటే చెయ్యి కాలింది. నాటుకోడి పులుసు, పక్కన ఊరిబిండి, అంటే చెనిక్కాయల పచ్చడి. ముద్దను నమలకుండా పులుసులో ముంచి మింగాలని మా చెల్లెలికి ఎవరూ నేర్పకుండానే వచ్చు, రెండు ముద్దలు మింగి మూడోదానికి చెయ్యి చాపింది. ఆస్పత్రిలో నిలబడి డబ్బా అన్నం తినే మనిషి అది.

ఫోనుకు అక్కడ సిగ్నల్ సరిగ్గా రాదు. బాగానే ఉంటుంది గానీ, నా అనుభవంలో సిగ్నల్ లేకపోవడం ఒక్కటే చాలదు. పని ఎవరికీ అప్పగించకుండా వచ్చేస్తే, సిగ్నల్ లేని చోట టెన్షన్ రెండింతలవుతుంది, ఏం జరుగుతుందోనని. అందుకే బయలుదేరే ముందు సాయంత్రం నా ఫైళ్ళు ఏది ఎక్కడ ఆగిందో తెల్లకాగితం మీద రాసి పక్క సీటు ఆమెకు ఇస్తాను, ఆమె సెలవు పెట్టినప్పుడు ఆమె కాగితం నాకు వస్తుంది. జర్మనీలో సబీనె సొన్నెంటాగ్ అనే సైకాలజిస్టు ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేశారు, ఒంటితో పాటు మనసు కూడా పని నుంచి పక్కకు రావాలి, అప్పుడే అలసట తీరుతుందని ఆమె చెప్పేది. మా బ్యాంకు భాషలో అయితే చార్జ్ హ్యాండోవర్.

రాత్రి ఎనిమిదికే మా చెల్లెలు నిద్రపోయింది. చెట్ల మీద నుంచి రాలే చినుకులు రేకు మీద టపటపమంటున్నా, కోతులు గొడవ చేసినా కదల్లేదు. ఏడింటికి నేను టీ తెచ్చి లేపితే, "డ్యూటీకి టైమయిందా" అని ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసుకుని, మళ్ళీ దుప్పటి ముసుగేసింది. ఆ రోజు ఇంక ఎక్కడికీ పోవద్దనుకున్నాం. చూడాల్సినవి ఇంకా ఉన్నాయి, పైన గుహలున్నాయని చెప్పేవాళ్ళున్నారు. కానీ లిస్టు పెట్టుకుని తిరిగితే అది ఇంకో టార్గెట్టే అవుతుంది. గుడికి పోయి దండం పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, చిన్నప్పటి తగాదాలన్నీ తవ్వుకుని, మధ్యాహ్నం ఆటో ఎక్కినాం. రానూపోనూ ఖర్చు ఇద్దరికీ కలిపి మూడు వేలు దాటలేదు, అందులో సగం గదికే.

భాకరాపేటలో బస్సు ఎక్కగానే సిగ్నల్ వచ్చి ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆఫీసు గ్రూపులో మేనేజర్ గారు నా పేరు పెట్టి అడిగిన ఫైలు సంగతి పైనే ఉంది. కిందనే, పది నిమిషాల తేడాతో, పక్క సీటు ఆమె జవాబు. మిగతావి చదవకుండా ఫోను బ్యాగులో వేసి, చెల్లెలితో వచ్చేసారి సంగతి మాట్లాడుకున్నాం. నాకు డిసెంబర్ నెలాఖరు దాటాలి, దానికి డ్యూటీ చార్టు రావాలి. నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టే రోజులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగుతాయి, పండగ జనం రాకముందే సూళ్ళూరుపేట పోదాం అంటాను నేను. అది మాత్రం పక్షులొద్దు, కైలాసకోనలో ఇంకోసారి నీళ్ళలో కూర్చుంటానంటోంది. ఇంకా తేలలేదు.