ప్రోగ్రాం రన్ కొట్టే ముందు జవాబు మీరు చెప్పండి

విశాఖ ద్వారకానగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది, "సింటాక్స్ వచ్చేసింది గానీ లాజిక్ తట్టట్లేదు" అని (సింటాక్స్ అంటే కోడ్ రాసే వ్యాకరణం). డిగ్రీ అయ్యాక పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన మా పిన్ని కొడుకుదీ ఇదే పాట, పైగా "నాది బైపీసీ కదన్నయ్యా" అని కారణం కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. నేను ఒప్పుకోను. మొదట్లో రాసే ప్రోగ్రాములకి కావాల్సిన లెక్కలు కూడికలు, తీసివేతలు, భాగిస్తే మిగిలే శేషం, అంతే. మనం చూడగానే చెప్పేసే జవాబుని మెషీన్ ఏ వరసలో వెతుక్కుంటుందో ఆలోచించం, ఇరుక్కునేది అక్కడ.

ఒక వారం ఉష్ణోగ్రతలు ఇలా ఉన్నాయనుకోండి: 27, 24, 29, 21, 26, 23, 28. అన్నిటికంటే తక్కువ ఏది? ఒక్క చూపుతో 21 అనేస్తాం. మెషీన్ ఒకసారికి ఒక్క సంఖ్యే చూస్తుంది. సరే అని లూప్ రాస్తాం (ఒకే పనిని ఒక్కో సంఖ్యకీ మళ్ళీ మళ్ళీ చేయించేది), "తక్కువ" అని ఒక వేరియబుల్, అంటే విలువ దాచుకునే డబ్బా, పెట్టి అలవాటుకొద్దీ సున్నాతో మొదలుపెడతాం, క్లాసులో మొత్తం కూడే ప్రోగ్రాం అలాగే నేర్పారు కాబట్టి. వచ్చిన సంఖ్య అంతకంటే తక్కువైతేనే ఆ విలువ మారుతుంది, సున్నాకంటే తక్కువది ఒక్కటీ లేదు, కాబట్టి జవాబు సున్నా వస్తుంది. లంబసింగిలో సున్నా పడితేనే పేపర్లో వేస్తారు, బీచ్ రోడ్డులో సున్నా ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పుడు చాలామంది సున్నా తీసేసి 100 పెడతారు. 21 వచ్చేస్తుంది, ఎర్రర్ లేదు, హమ్మయ్య. రేపు అదే ప్రోగ్రాంకి వంజరం కిలో ధరలు ఇచ్చి చూడండి, మళ్ళీ 100 అంటుంది (ఆ రేటుకి వంజరం ఎవరైనా ఇస్తే నాకూ చెప్పండి). నంబర్లు మార్చి మార్చి చూడటం మానేసి, ఆ వేరియబుల్‌కి అర్థం ఏమిటో పక్కన తెలుగులో ఒక్క వాక్యం రాయండి: "ఇప్పటిదాకా చూసినవాటిలో అన్నిటికంటే తక్కువది." ఈ వాక్యం ముందు సున్నా నిలబడదు, వంద కూడా నిలబడదు, మనం చూసినవాటిలో అవి లేనే లేవు. ఇప్పటిదాకా చూసింది 27 ఒక్కటే, కాబట్టి 27తోనే మొదలు. లూప్ ఒక్కో చుట్టు పూర్తయ్యేసరికి ఆ వాక్యం నిజంగానే ఉందా అని చూసుకుంటూ పోవడమే, పుస్తకాల్లో దీన్ని లూప్ ఇన్‌వేరియంట్ అని భయపెడతారు.

ఇప్పుడు డ్రై రన్, అంటే మెషీన్ చేసేదాన్ని మనమే చేత్తో చేసి చూడటం. కాగితం మీద రెండు గడులు గీసి ఒకదాంట్లో చూస్తున్న సంఖ్య, ఇంకోదాంట్లో "తక్కువ" విలువ వరసగా రాయండి: 27, 24, 24, 21, ఆ తర్వాత అన్నీ 21. ఇది రన్ కొట్టకముందే రాయాలి. తర్వాత ప్రోగ్రాంలో ప్రతి చుట్టుకీ ప్రింట్ పెట్టి పోల్చుకుంటే, ఏ వరస దగ్గర మీ కాగితం, స్క్రీన్ వేరుపడ్డాయో తప్పు అక్కడ దొరుకుతుంది. బోరే, కాదనను.

జవాబు సరిగ్గా వచ్చినా నమ్మకండి. పైథాన్‌లో రేంజ్‌కి 1, 7 ఇస్తే 6 దగ్గర ఆగుతుంది (లూప్ ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా తిరగాలో చెప్పేదే రేంజ్; పైథాన్ లెక్క సున్నా నుంచి మొదలు, కాబట్టి ఏడో రోజు నంబరు 6). అది మర్చిపోయి 6 వరకే కదా అని 1, 6 ఇచ్చారనుకోండి, చివరి రోజుని అసలు చూడనే చూడదు, అయినా అవుట్‌పుట్ 21 అనే వస్తుంది, ఎందుకంటే చివర్లో ఉన్నది 28. అదే తక్కువ సంఖ్యని చివర పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. మొదట పెట్టి ఒకసారి, చివర పెట్టి ఒకసారి, అన్నీ ఒకే సంఖ్య పెట్టి ఒకసారి, ఒక్కటే సంఖ్య ఇచ్చి ఒకసారి చూడాలి. లీపు సంవత్సరం ప్రోగ్రాంకి కూడా అంతే, 2024 ఒక్కటే ఇచ్చి మురిసిపోతే లాభం లేదు. 4తో భాగించి అక్కడితో వదిలేస్తే 1900 కూడా లీపే అంటుంది, అది కాదు, 2000 మాత్రం అవును. 2023, 2024, 1900, 2000 నాలుగూ ఇస్తే గానీ కండిషన్లన్నీ కదలవు.

నక్షత్రం గుర్తులతో పిరమిడ్ ఆకారం ప్రింట్ చేసే ప్రోగ్రాములు ఒక ఐదారు చేస్తే చాలు, వందల కొద్దీ బట్టీ పట్టొద్దు. చాట్‌జీపీటీని అడగొచ్చా అంటే అడగండి, మీ గడులు మీరు నింపుకున్నాక.

మావాడికి ఇప్పుడు ఇచ్చింది రెండో తక్కువ ఉష్ణోగ్రత కనుక్కోమని. వేరియబుల్స్ రెండు కావాలి, రెండిటికీ చెరో వాక్యం రాయాలి. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, "21 రెండు రోజులు వస్తే రెండో తక్కువ 21 అవుతుందా, 23 అవుతుందా అన్నయ్యా?" అన్నాడు. ప్రశ్నలో అది చెప్పలేదు, కాబట్టి కోడ్ జోలికి వెళ్ళేలోపు ఇచ్చినవాణ్ణి అడగాల్సిందే. 23 అని చెప్పాను.