నొప్పి తగ్గిందని సంబరపడ్డాను

రాద్దామా వద్దా అని ఎనిమిది నెలలు ఆగాను. రాస్తే జబ్బు మళ్ళీ వచ్చేస్తుందేమో అని ఒక పిచ్చి భయం. మొన్న స్కాన్ క్లీన్‌గా వచ్చింది కాబట్టి ధైర్యం చేసి కూర్చున్నా. ఎక్కడైనా తిట్టినట్టు ఉంటే ఏమీ అనుకోకండి, తిట్టాలనే మొదలుపెట్టా.

నాకు పై దవడ ఎముకకి ఫంగస్ పట్టింది. మ్యూకర్ అంటారు. జనం బ్లాక్ ఫంగస్ అంటారు గానీ ఆ ఫంగస్ నల్లగా ఉండదట, అది రక్తనాళాల్లోకి దూరి రక్తం గడ్డకట్టిస్తుంది, రక్తం అందక చచ్చిపోయిన కండ నల్లబడుతుంది, పేరు దాన్నుంచి వచ్చింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కూడా. ఈ ముక్క మా చుట్టాలకి చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది, నాది అసలే సగం నోరు.

మొదలైంది మామూలు పంటి నొప్పితోనే. కుడివైపు పై పన్ను ఒకటి కదిలితే డెంటిస్ట్ తీసేశాడు. పన్ను తీసిన గుంట రెండు వారాలకి చిగురు కప్పుకోవాలి కదా, కప్పుకోలేదు. నాలుక పెడితే గరుగ్గా తగిలేది, అది ఎముక అని నాకేం తెలుసు. నోట్లో ఒకటే వాసన. వెళ్తే యాంటీబయాటిక్ రాశాడు, తగ్గలేదు, ఇంకోటి రాశాడు, తగ్గలేదు, మూడోది కూడా రాశాడు. పక్క పన్ను కూడా కదులుతోంది డాక్టర్ గారూ అంటే నవ్వాడు. "వయసవుతోంది కదమ్మా, పళ్ళన్నాక కదలవా" అన్నాడు. నాకు అప్పటికి 47. అవమానంగా అనిపించి ఇంకేం అడక్కుండా లేచి వచ్చేశాను, నా తప్పుల్లో అదొకటి.

పెద్ద తప్పు ఇంకోటుంది. నాకు షుగర్ ఉంది. బాగానే ఉన్నాను కదా అని నాలుగు నెలలుగా టాబ్లెట్లు మానేశాను, ఇంట్లో మాత్రం వేసుకుంటున్నా అనే చెప్పేదాన్ని. తర్వాత టెస్ట్ చేస్తే మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ అంటారు) 11.8 వచ్చింది, చాలా ఎక్కువ. ఈ ఫంగస్ గాల్లో, మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఉండేదే, అందరం పీలుస్తూనే ఉంటాం, ఒంట్లో కాపలా సరిగ్గా ఉంటే ఏమీ చెయ్యదు. నేను కాపలా తీసేసి తలుపు బార్లా తెరిచి పెట్టాను.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున్న లేచేసరికి నొప్పి లేదు. నెల రోజుల తర్వాత నొప్పి లేదు! మా ఆయనకి చెప్పి సంబరపడ్డాను, మూడో మందు పనిచేసిందండీ అని. మొహం కడుక్కుంటుంటే కుడి బుగ్గ మీద చెయ్యి తగిలినట్టే తెలియలేదు, ఇంకెవరి బుగ్గో తుడుస్తున్నట్టు ఉంది. పట్టించుకోలేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి అలవాటుగా నాలుకతో ఆ కదిలే పన్ను నెట్టాను. ఒక పన్ను కాదు, నాలుగు పళ్ళు కలిసి కదిలాయి. బల్ల సొరుగు లాగితే మొత్తం ఎలా వస్తుందో అలా. పళ్ళు పట్టుకున్న ఎముకే కదులుతోందని అప్పుడు తెలిసింది. బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఫోన్ లైట్ వేసి చూసుకున్నా. అంగిట్లో ఒకవైపు నల్లటి మచ్చ. మా ఆయన్ని లేపలేదు, ఎందుకు లేపలేదో ఇప్పటికీ చెప్పలేను. తెల్లారేవరకు స్టూల్ మీద కూర్చుని, నాలుక దాన్ని తాకకుండా పట్టుకోవడానికే నా ఓపికంతా అయిపోయింది. నొప్పి తగ్గలేదు, నరం చచ్చిపోయింది, అంతే.

తర్వాత అన్నీ గబగబా జరిగాయి, సీటీ, ఎమ్మారై, ముక్కులోంచి, దవడలోంచి ముక్క తీసి టెస్ట్. స్లైడ్ మీద వేసి చూసి అదే రోజు ఫంగస్ అని చెప్పేశారు. నెల రోజులు ఎవరూ చెప్పనిది కొన్ని గంటల్లో తేలిపోయింది. మంచం పక్కన ఒక చిన్న డాక్టర్ ఇంకో డాక్టర్‌తో "కన్ను వరకు పోయిందేమో, తీయాల్సి రావచ్చు" అంటూ వెళ్ళిపోయాడు. నేను మెలకువగానే ఉన్నాను నాయనా! కన్ను దాకా పోలేదు, కానీ ఆ మాట నాతో రెండు రోజులు పడుకుంది.

ఆంఫోటెరిసిన్ అని ఫంగస్‌ని చంపే పసుపు పచ్చ మందు, రోజుకి 300 మిల్లీగ్రాములు, గంటలు గంటలు ఎక్కేది, 21 రోజులు. రెండో రోజు చలి పుట్టుకొచ్చి మంచం గజగజలాడింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది, పొటాషియం పడిపోయింది, రోజూ రక్తం తీసేవాళ్ళు. నైట్ డ్యూటీ నర్సమ్మ మాత్రం కాళ్ళు గట్టిగా పట్టుకుని "ఇది మందు వణుకే అక్కా, ప్రాణం వణుకు కాదు" అంది. దేవుడు కనిపిస్తాడా అంటే నాకు కనిపించింది ఆ అమ్మాయే.

ఆపరేషన్‌లో కుడివైపు పై దవడ సగం తీసేశారు. చచ్చిన ఎముకకి రక్తం పోదు కాబట్టి మందూ పోదు, కొయ్యక తప్పదు అని సర్జన్ గారు కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. ఆయనకి జీవితాంతం దణ్ణం పెడతా. ఆ తర్వాత పోసకొనజోల్ అని ఫంగస్‌కే ఇంకో మందు, టాబ్లెట్లు, మూడు నెలలు.

అంగిట్లో కన్నం పడితే నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, అది ఓర్చుకోవచ్చు. మాట పోయింది. ప అంటే మ వచ్చేది. మా అమ్మాయిని "పాపా" అని పిలుస్తే "మామా" అని వినిపించేది, అది నవ్వు ఆపుకోలేక నవ్వి, వెంటనే పక్క గదిలోకి పోయి ఏడ్చేది. తర్వాత కన్నానికి అడ్డంగా పెట్టుకునే ప్లేటు చేసిచ్చారు, పళ్ళు కూడా దానికే ఉంటాయి. ఇప్పుడు బాగానే మాట్లాడతా, రాత్రి తీసి కడిగి పెడతా.

షుగర్ ఉన్నవాళ్ళు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళు, పన్ను తీసిన చోట రెండు మూడు వారాలకీ మానకపోయినా, బుగ్గ మొద్దుబారినా, ముక్కులోంచి నల్లగా వచ్చినా నాలాగా మందులు మార్చుకుంటూ కూర్చోకండి. ముక్క తీసి టెస్ట్ చెయ్యమని అడగండి. సిగ్గుపడకుండా అడగండి తల్లీ.

పోయిన నెల ఫైలు పట్టుకుని ఆ డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళా. కడిగేద్దామనే వెళ్ళా. ఫైలంతా చూశాడు, మొహం పాలిపోయింది, చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "షుగర్ ఉందని మీరు చెప్పలేదు కదమ్మా" అన్నాడు.

నిజమే, చెప్పలేదు. తయారుచేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"మీరు అడగలేదు కదండీ" అన్నాను. అది మాత్రం ముక్కులోకి పోకుండా శుభ్రంగా వచ్చింది.