తొమ్మిదో నంబరు రోడ్డు మీద మచిలీపట్నం దాకా

హైదరాబాద్ నుంచి విజయవాడకు చాలాసార్లు వెళ్లాను. ఈసారి మాత్రం ఊరు చేరడం కోసం కాదు, రోడ్డు నంబర్లు చూడటం కోసమే బయల్దేరాను. మా తరానికి ఇది ఎన్‌హెచ్ 9. బోర్డుల మీద ఇప్పుడు 65 అని ఉంటుంది. 2010లో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ దేశంలోని జాతీయ రహదారుల నంబర్లను ఒక పద్ధతి ప్రకారం మార్చేసింది. ఆ మార్పు ఊళ్లలో ఎంతవరకు దిగిందో చూడాలని చాలాకాలంగా కోరిక. కారు నడపడానికి ఒక మిత్రుడు తోడొచ్చాడు.

ఎల్బీనగర్ దాటాక అతనికి ఆ పద్ధతి చెప్పుకొచ్చాను. ఉత్తర దక్షిణాలుగా పోయే ప్రధాన రహదారులవి సరి సంఖ్యలు. తూర్పు నుంచి పడమరకు పెరుగుతూ పోతాయి. తూర్పు తీరం వెంట చెన్నై పోయేది 16, నడిమధ్యన శ్రీనగర్–కన్యాకుమారి 44, పడమటి తీరాన 66. తూర్పు పడమరలుగా పోయేవాటివి బేసి సంఖ్యలు. ఇవి ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. కశ్మీర్‌లో 1, ధనుష్కోటికి పోయేది 87. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం పోయే మన రోడ్డు 65. హైదరాబాద్‌లో 44, విజయవాడలో 16 దీనికి అడ్డంగా తగులుతాయి. నంబరు వింటే చాలు, ఆ రోడ్డు ఏ దిక్కుకు పోతుందో, దేశంలో దాదాపు ఎక్కడ ఉంటుందో చెప్పేయొచ్చు. ఇది చాలా తెలివైన ఏర్పాటని నా గట్టి నమ్మకం. పాత పద్ధతిలో హైదరాబాద్–వరంగల్ రోడ్డు 202. ఆ అంకె చూసి ఎవరైనా ఏం తెలుసుకోగలరు? ఇప్పుడది 163. ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దగ్గర 63వ రహదారిని కలుస్తుంది కాబట్టి ఆ నంబరు.

చిక్కల్లా పాత అంకెలను వేరే రోడ్లకు మళ్లీ ఇవ్వడంలో ఉంది. వారణాసి నుంచి మన మీదుగా కన్యాకుమారి పోయిన పాత 7 ఇప్పుడు పంజాబ్ నుంచి బదరీనాథ్ పక్కనున్న మాణా గ్రామానికి పోతోంది. 5 సిమ్లా వైపు వెళ్లిపోయింది. 9 ఢిల్లీ మీదుగా పిథోరాగఢ్ వైపు పోతోంది. 16 అంటే ఒకప్పుడు నిజామాబాద్–జగదల్‌పూర్ రోడ్డు. దానికి 63 ఇచ్చి, 16ను తీసుకెళ్లి తూర్పు తీరానికి పెట్టారు. పాత పేపర్లలో ప్రమాదాల వార్తలో, భూసేకరణ ప్రకటనలో చదివేవాళ్లు తేదీ చూసుకోకపోతే దేశంలో ఇంకో మూలకు పోయినట్టే.

నకిరేకల్‌లో టీకి ఆగాం. నాకు ఈ దారిలో అన్నిటికంటే ముఖ్యమైన ఊరు ఇదే. ఇక్కడినుంచి 365 మహబూబాబాద్ వైపు, 565 నల్గొండ, నాగార్జునసాగర్, మాచర్ల వైపు చీలతాయి. మూడంకెల నంబర్లలో చివరి రెండంకెలు ఇంటిపేరు లాంటివి, తల్లి రహదారి ఏదో చెబుతాయి. హోటల్ పెద్దాయనను రోడ్డు నంబరు అడిగాను. "గవర్నమెంటోళ్లు అరవై ఐదని రాసిండ్రు బిడ్డా. మాకైతే తొమ్మిదే" అన్నాడు.

నల్గొండ రోడ్డులో కొంతదూరం వెళ్లి కిలోమీటరు రాళ్లు చూశాం. ఒక రాయి మీద పసుపు రంగు పెచ్చులూడి, అడుగున ఆకుపచ్చ కనిపించింది. పసుపు జాతీయ రహదారికి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారికి గుర్తు. 1943లో నాగపూర్‌లో చీఫ్ ఇంజనీర్లు చేసిన ప్రణాళికలోనే రోడ్లను జాతీయ, ప్రాంతీయ, జిల్లా, గ్రామ రోడ్లుగా విడదీశారు. ఆ ప్రాంతీయ రహదారులే తర్వాత రాష్ట్ర రహదారులయ్యాయి. వాటికి నంబర్లు ఏ రాష్ట్రం ఆ రాష్ట్రం ఇచ్చుకుంటుంది. తెలంగాణలో 1 అంటే కరీంనగర్ మీదుగా రామగుండం పోయే రాజీవ్ రహదారి. పక్క రాష్ట్రంలో 1 ఇంకేదో. కేంద్రం ఒక రాష్ట్ర రహదారిని తీసుకోగానే దాని పాత నంబరు బోర్డుల మీంచి మాయమవుతుంది. కనీసం పదేళ్లయినా కొత్త నంబరు కింద చిన్న అక్షరాల్లో పాతది రాయాలి. ఖర్చు రంగు డబ్బా మాత్రమే.

సూర్యాపేటలో జనగామ రోడ్డు 365బి, ఖమ్మం రోడ్డు 365బిబి. ఇంత చక్కటి పద్ధతికి ఈ అక్షరాల తోకలు నప్పలేదు. కోదాడ దాటి గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టినా నంబరు మారలేదు.

నందిగామలో ఒక దస్తావేజు లేఖరితో మాట కలిపాను. "పాత కాగితాల్లో హద్దు ఎన్‌హెచ్ 9 అని ఉంటుందండీ. ఇప్పుడు రాసేటప్పుడు 65 అని రాసి, పక్కనే పాతది కూడా వేస్తాం. లేకపోతే రేపు గొడవే" అన్నారాయన. నేను బోర్డుల మీద కోరుకుంటున్నది ఆయన కాగితం మీద ఎప్పటినుంచో చేస్తున్నారు.

విజయవాడలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటడానికే చాలాసేపు పట్టింది. అటుపైన కంకిపాడు, ఉయ్యూరు మీదుగా పామర్రు చేరాం. ఇక్కడ కథ ఇంకా బాగుంటుంది. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, పాలకొల్లు, భీమవరం మీదుగా పామర్రు వచ్చే రోడ్డు మొత్తం ఒకప్పుడు 214. దిగమర్రు దగ్గర దాన్నుంచి చీలి మచిలీపట్నం మీదుగా ఒంగోలు పోయేది 214ఏ. కొత్త లెక్కలో 214ను దిగమర్రు దగ్గరే రెండు చేశారు. కత్తిపూడి–దిగమర్రు ముక్కను 214ఏతో కలిపి, 16కు శాఖగా 216 చేశారు. దిగమర్రు–పామర్రు ముక్క 65కు శాఖై 165 అయింది. పామర్రు జంక్షన్‌లో ఆ 165 బోర్డు చూసి నాకు నిజంగా ఆనందం వేసింది. మిత్రుడు కారు ఆపి ఫోటో తీశాడు.

మచిలీపట్నంలో 65 ముగుస్తుంది, 216 తగులుతుంది. ఈసారి కత్తిపూడిలో మొదలుపెట్టి ఆ 216 మొత్తం తిరగాలి. దిగమర్రులో దిగి, పాత 214 రెండుగా చీలిన చోటు చూడాలి.