ఫోన్‌లో ఆరాధన, సంఘంలో సహవాసం

ఉద్యోగం కోసమో చదువు కోసమో హైదరాబాదు వచ్చిన విశ్వాసులలో కొందరు ఆదివారం ఆరాధనను ఫోన్‌లోనే ముగించుకుంటున్నారు. 2020లో లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్ 12న ఈస్టర్ నాడు కూడా గుడి తలుపులు మూసి ఉన్నప్పుడు, ప్రత్యక్ష ప్రసారాలే మనల్ని నిలబెట్టాయి. మంచం పట్టిన పెద్దలకు, ఆదివారం డ్యూటీ ఉన్న నర్సులకు అవి నేటికీ ఆధారమే. అయితే రాగలిగినవారు కూడా రాకపోవడం నన్ను బాధిస్తోంది, ఎందుకంటే ప్రసంగం వినడం ఒక్కటే ఆరాధన కాదు.

బైబిల్లోని అపొస్తలుడైన పౌలు పత్రికలు, అంటే ఉత్తరాలు, చాలావరకు సంఘాలకు, అంటే విశ్వాసుల సమూహాలకు రాసినవే. ఫిలేమోను అనే విశ్వాసికి అతని ఇంటి వ్యవహారం గురించి రాసిన చిన్న పత్రికలో సైతం, అతని ఇంట కూడుకునే సంఘాన్ని ఆరంభంలోనే పేర్కొన్నాడు. ఒకరి భారాలు ఒకరు మోయాలన్న ఆజ్ఞను గదిలో ఒంటరిగా కూర్చుని ఎవరు నెరవేర్చగలరు?

కొరింథు పట్టణపు సంఘంలో కలిగినవారు ముందుగా తిని, లేనివారిని ఆకలితో వదిలేసినప్పుడు, మీరు చేస్తున్నది ప్రభువు భోజనం (యేసును స్మరిస్తూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) కాదని పౌలు గద్దించి, ఒకరి కోసం ఒకరు వేచి ఉండమన్నాడు. కులం, జీతం చూసి ఇరుగుపొరుగును ఎంచుకునే మన నగరానికి ఆ గద్దింపు నేరుగా తగులుతుంది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు 1947 సెప్టెంబరు 27న ఏకమై ఏర్పడిన సీఎస్ఐకి (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకు) చెందిన మా సంఘంలో, గచ్చిబౌలి ఆఫీసులో పనిచేసే ఇంజనీరు, నాలుగిళ్లలో పాచిపని చేసుకునే తల్లి ఆ భోజనం అందుకునే ప్రభు బల్ల దగ్గర పక్కపక్కనే మోకరిస్తారు. ఆ సమానత్వం గేటు దాటాక ఎంతవరకు నిలుస్తోందో మనం నిజాయితీగా పరీక్షించుకోవాలి.

వేలమంది కూడే మందిరాలలో వాక్యం బలంగా అందవచ్చు కాని, రెండు వారాలు రాకపోతే అడిగేవారు ఉండరు. ఇళ్ళలో కొద్దిమంది కూడే కాటేజ్ ప్రేయర్‌లో అడుగుతారు. ఆసుపత్రిలో చేరినవారికి క్యారియర్ కట్టి తీసుకెళ్ళేది, రాత్రి తోడుండేది ఆ పదిమందే. అందుకే నగరానికి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా మనవి: పేరున్న ప్రసంగీకుని కోసం వారానికో మందిరం మారకుండా, హాస్టల్‌కు దగ్గరలో ఉన్న సంఘంలో చేరి, పాస్టర్ గారిని కలిసి పరిచయం చేసుకుని, వారం మధ్యలో జరిగే గృహ కూటాలకు వెళ్ళండి.